మా బావ కారుకు ఇనుప తొడుగు

మా అక్క మొగడు కారు కొన్నడన్న ముచ్చట తెలిసినప్పుడు నేను ఉస్తాద్ దుకాణంల ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కిస్తున్న. ఎర్రగ కాలిన ఇనుము చేతిల ఉన్నప్పుడు నవ్వొద్దని ఉస్తాద్ నాకు మొదటి దినమే చెప్పిండు. అయినా నవ్వు ఆగలేదు. పట్టా వంకర పడ్డది, చక్రం కట్టె కాలి పొగలేసింది. ఉస్తాద్ ముందుగాల ఉర్దూల తిట్టి, అది నాకు సరిగ్గ ఎక్కలేదేమో అని మల్ల తెలుగుల తిట్టిండు. అట్ల ఆ కారు మా గల్లీల అడుగు పెట్టకముందే నాకు రెండు బాసలల్ల తిట్లు తినిపించింది.

మా బావ మెదక్ తహశీల్ కచేరిల టైపు కొట్టేటోడు, రెండే రెండు వేళ్ళతోని. ఆ రెండు వేళ్ళ మీదనే సర్కారు నడుస్తున్నదని ఆయన నమ్మకం. అప్పుడు కోస్తా దిక్కును కలిపి కొత్త రాష్ట్రం చేసి నాలుగైదేండ్లు అయితుండె. కచేరి కాయిదాలు ఉర్దూలకెళ్ళి ఇంగ్లీషులకు మారుతుంటే అందరు పరేశాన్ అయితుండ్రి, బావ మాత్రం మెడ పొడుగు చేసుకొని తిరుగుతుండె. ఇంగ్లీషు మిషిన్ కొట్టుడు ఆయనకొక్కనికే వస్తది మరి. కొట్టింది ఆయనకు అర్థమైతదా అంటే, అది వేరే ముచ్చట.

నేను నాలుగో తరగతిల బడి ఇడిసిపెట్టిన. బడి గూడ నా కోసం ఎంకులాడలేదు. బావ నన్ను ఎవరికన్న చూపించినప్పుడల్లా "మా బామ్మర్ది, నాలుగు పాస్" అనేటోడు.

"ఫేల్ బావా. లేని గొప్పలు చెప్పకు" అనేటోన్ని నేను.

కారు ఏడికెళ్ళి వచ్చిందంటే, ఒక పాత జాగీర్దారు దేవిడికెళ్ళి. జాగీర్లు పోయినంక ఆ ఇంటోళ్ళు పట్నం పోయిండ్రు. పోతూ పోతూ మంచాలు, అద్దాలు, తివాచీలు అమ్మిండ్రు. కారును మాత్రం ఎవ్వరు అడగలేదు, ఎందుకంటే అండ్ల కోళ్ళు కాపురముంటున్నయి. కొట్టం పైకప్పు కురుస్తుండె, కింద బురద. పదేండ్ల వానలు అది అట్లనే నిలబడి తాగింది. లారీ మేస్త్రీని పట్టి ఇంజన్ నడిపిచ్చి, కోళ్ళను లేపి ఆ సీటు మీద మా బావ కూసున్నడు. కోళ్ళకు ఉన్నపాటి సిగ్గు గూడ ఆయనకు లేకపాయె.

నల్లటి ఇంగ్లీషు కారు. పెద్ద లడాయి కంటే ముందటిది. గుడ్లు తెరిసిన లైట్లు, ఎక్కనీకె పక్కన పొడుగు మెట్టు, ఏనుగు చెవులంత మడ్‌గార్డులు. పైన చూస్తే మస్తు అందంగ ఉండె, అబద్ధమెందుకు. మా బావ గూడ పైన చూస్తే అందంగనే ఉంటడు.

పాత కార్లకు కింద ఛాసీ ఉంటది. మంచానికి రెండు పట్టెలు ఎట్లనో కారుకు ఛాసీ దూలాలు రెండు అట్ల, ఎడమ దిక్కు ఒకటి, కుడి దిక్కు ఒకటి. ఇంజన్ గాని సీట్లు గాని మనుషులు గాని అన్నీ వాటి మీదనే. పట్టె ఇరిగిన మంచం మీద పండుకుంటే నడుము ఇరుగుతది. దూలం ఇరిగిన కారుల కూసుంటే ఏం ఇరుగుతదో చెప్పలేం, అప్పటికి ఎవరెవరు యాడ కూసున్నరో దాన్ని బట్టి ఉంటది.

బావ తన పాటికి తాను కారు చుట్టూ తిరిగి మురిసిపోతే నాకేం బాధ లేకుండె. గని ఆయన కచేరిల అందరి ముందర నోరు జారిండు. "మా పిలగాని పుట్టెంట్రుకలు శివరాత్రి జాతరకు ఏడుపాయల దుర్గమ్మ కాడ తీపిస్తున్నం. సొంత కారుల పోతున్నం" అన్నడు. ఆ పిలగాడు మా అక్కకు పెండ్లయిన ఏడేండ్లకు పుట్టినోడు. శివరాత్రి నాటికి ఏడాది నిండుతది. వాన్ని ఒళ్ళె పెట్టుకొని మా అక్క ఆ కారు ఎనక సీట్ల కూసోవాలె. ఏడుపాయల తొవ్వ అంటే అప్పుడు గుంతలు, రాళ్ళు, చివరికి మంజీర ఇసుక.

ఒక ఐతారం నాడు నేను పోయి కారు కిందికి దూరిన. బావ అప్పటికే ఛాసీకి డాంబరు పూపిచ్చిండు. నల్లగ నిగనిగలాడుతున్నది. నా జేబుల ఉన్న పేచ్‌కస్, అదే మరలు బిగించేది, తీసి ఎడమ దూలాన్ని ఊకె పొడిసి చూసిన. సగం దాంక దిగింది, పండిన బొప్పాయిల దిగినట్టు. తీస్తే పొక్కలకెళ్ళి ఎర్రటి పొడి నా కండ్లల్ల పడ్డది. సరిగ్గ ఎనక సీటు కిందనే అది.

బయటికొచ్చి కండ్లు తుడుసుకుంట చెప్పిన. "బావా, జంగు పట్టింది. దూలం తినేసింది."

బావ నవ్విండు. "మా ఆఫీసరు నిన్ననే చూసి పోయిండు. ఆయన కోస్తా దిక్కాయన, పెద్ద చదువు. దీన్ని జంగు అనరంట. తుప్పు అంటరంట."

"తుప్పు అంటే ఇనుము మల్ల మొలుస్తదా?"

"తుప్పు అంటే మామూలుదని చెప్పిండు. ప్రతి ఇనుముకు ఉంటదంట."

ఆ ఆఫీసరు నిజంగ ఏం చెప్పిండో నాకు తెల్వది. మా బావకు మాత్రం గ్రాంథికంల చెప్తే రోగం సగం నయమైతది. జంగు అయితే నాలుగు ఫేలు బామ్మర్ది మాట, తుప్పు అయితే ఆఫీసరు మాట. పేరు మారినందుకు ఆ పొక్క ఏమన్న పూడిందా అని నేను మల్ల పేచ్‌కస్ పెట్టి చూసిన. ఈసారి పిడి దాంక పోయింది.

శానసేపు గోల జేసినంక బావ ఒప్పుకున్నడు. అట్ల గాదు, నా నోటికి తట్టుకోలేక ఒప్పుకున్నడు. ఇంటి ముందటనే చెయ్యాలె, దుకాణానికి కారు తోలుకపోతే ఊరంత చూస్తది. "సరే, మంగళారం నేను వచ్చి గీకి, అతుకు ఏస్త. ముందుగాల పావుసేరు సిందూరం దెప్పిచ్చి పెట్టు" అన్న.

గీడనే నా తప్పు. మా దుకాణంల ఇనుముకు మొదటి పూతగ పూసే ఎర్రరంగును సిందూరం అంటం. లారీలోళ్ళు, బండ్లోళ్ళు, ఉస్తాద్, అందరిది గదే మాట. డబ్బా మీద ఏం రాసి ఉంటదో నాకు తెల్వది, చదువు వస్తే గద తెల్సేది. బావ కచేరికి ఉరుక్కుంట వాళ్ళమ్మకు చెప్పిండంట: "అమ్మా, కారుకు సిందూరం పెట్టాలెనంట, జర దెప్పియ్యి."

మంగళారం పొద్దున నేను సుత్తె, ఉలి, గీకుడు రేకు పట్టుకొని పోయిన. కారు కిందికెళ్ళి రెండు పాదాలు బయటికి కనవడ్డయి, కడియాలేసుకున్న పాదాలు. మా అత్తమ్మయి, అంటే బావ వాళ్ళమ్మయి. అరవై ఏండ్ల మనిషి తలస్నానం చేసి, తడి ఎంట్రుకలతోని ఎల్లెలకల పండుకొని ఛాసీకి చెయ్యి పెట్టి రుద్దుతున్నది.

"అత్తమ్మా, ఏం జేస్తున్నవే?"

"కండ్లు లేవా? ఆంజనేయునికి సిందూరం పెడుతున్న."

"ఆంజనేయుడు యాడున్నడు?"

"ఇప్పటిసంది ఈడనే ఉన్నడు."

పూజ సామాన్ల దుకాణం నుంచి దెచ్చిన సిందూరం, గిన్నెల నువ్వుల నూనె. రెండు దూలాలకు ఈ కొసకెళ్ళి ఆ కొస దాంక మెత్తింది. పొక్కలు ఉన్న కాడ ఇంకింత ఎక్కువ, దేవుని ఒంటి మీద పుండు కనవడొద్దని. మీదికెళ్ళి బొట్లు, పూలు. బయటికొచ్చి కర్పూరం ముట్టించి నా చేతిల సుత్తెను చూసింది.

"అదెందుకు?"

"కొట్టనీకె."

"ఎవలను?"

మా దిక్కు పొలం గట్టు మీద ఉన్న ఉత్త రాయికి సిందూరం పూస్తే అది దేవుడే. ఇగ నాగలి దానికి పక్కనుంచి తిరిగి పోవాల్సిందే. ఎంత మొండోడైనా ఆ రాయి మీద కత్తి నూరుకోడు. నేనే అడిగి దెప్పిచ్చిన సిందూరం, నేనే మొక్కాలె. సుత్తె చంకల పెట్టుకొని ఒక దండం పెట్టి ఇంటికొచ్చిన.

బావ సాయంత్రం వచ్చి చూసి మస్తు సంబరపడ్డడు. పని తప్పింది, పైసలు తప్పినయి, పైనుంచి దేవుడు దొరికిండు. ఇగ ప్రతి మంగళారం, శనివారం అత్తమ్మ కొత్త పూత పూసేది. నెల తిరిగే లోపల గల్లీలోళ్ళు కొబ్బరికాయలు పట్టుకొని వచ్చుడు మొదలైంది. ఒకామె కోడలు మాట వినాలెనని మొక్కింది. కచేరిల బంట్రోతు పని చేసే జవాను తన కొడుకు మెట్రిక్ పాసు కావాలెనని మొక్కిండు, వాడు నాలాగనే ఫేలైండు, అయినా జవాను మల్ల వచ్చిండు. టేక్మాల్‌కెళ్ళి బావ తరపు చుట్టమొకాయన ముందట చక్రానికి దండం పెడుతుంటే "అది టైరు, దేవుడు లోపల ఉన్నడు" అని నేనే తొవ్వ చూపించిన. మెట్టు మీద పెట్టిన అరటిపండ్లు ఒక మేక తిని, తినంగ మిగిలిన ఆకలికి సీటు గుడ్డ గూడ రెండు జానలు తిన్నది. ప్రసాదం అన్నరు.

ఆ జనంల ఒక్కడంటే ఒక్కడు కిందికి వంగి, దీని కింద ఇనుము ఉన్నదా అని అడగలేదు. అడగనీకె వంగాలె గద. దండం అయితే నిలబడి పెట్టొచ్చు.

నేను ఉస్తాద్‌ను దెచ్చి చూపించిన. ముసలాయన, తెల్ల గడ్డం, నడుము వంగది, అయినా సిగరెట్ పారేసి కిందికి దూరిండు. వేలితోని ముట్టి వాసన చూసిండు.

"నువ్వుల నూనెల కలిపిండ్రు. మనం పూసేది గూడ గిదే సిందూరం బేటా. దవా ఒక్కటే, కలిపిన నూనె తప్పు. అవిశె నూనెల కలిపితే ఎండి రాయి అయితది. ఇది పదేండ్లకు గూడ ఆరది." తరువాత వేలి కణుపుతోని రెండు మూడు కాడ్ల కొట్టి చెవి పెట్టిండు. మంచి ఇనుమైతే ఠంగుమంటది. ఇది తడిసిన గోడ లెక్క దబ్బుమన్నది. "లోపల ఇనుము లేదు" అన్నడు బయటికొస్తూ. "మీ దేవుడొక్కడే ఉన్నడు. ఆయన మీద నలుగురిని ఎక్కిస్తే ఆయనైనా ఎంతసేపు మోస్తడు?"

ఆ మాట మా అక్క విన్నది. దర్వాజ ఎనక నిలబడి ఉండె, పిలగాడు చంకల. ఉస్తాద్ పోయినంక నన్ను వంటింట్లకు పిలిసింది.

"తమ్మీ, నిజం చెప్పు. నేను వీన్ని పట్టుకొని అండ్ల కూసోవచ్చునా?"

"కూసో అక్కా. కింద పడ్డా దేవుని ఒళ్ళెనే పడ్తవ్."

అక్క నవ్వలేదు. "పుట్టినకాడినుంచి నవ్విస్తున్నవ్. ఒక్కసారన్న సీదా చెప్పు."

పిలగాడు నా అంగీ గుండి నోట్ల పెట్టుకొని చీకుతున్నడు.

"కూసోవద్దు" అన్న.

"అయితే బాగ చెయ్యి."

"దేవుడు అడ్డముండె గద."

"దేవున్ని ఒప్పియ్యి. మా అత్త ఒప్పుకుంటే దేవుడు ఒప్పుకున్నట్టే."

దేవుడైతే నయముండె. దేవుడు మాట్లాడడు.

నాకు తెలిసిందల్లా ఇనుము, ఎక్కిరింత. రెండూ కలిపి రెండు దినాలు ఆలోచించిన. బడికి పోయినోళ్ళకు ఇట్ల తట్టదేమో, నాకు తట్టింది. గుళ్ళె దేవునికి భక్తులు వెండి తొడుగు చేపిస్తరు. రాతి విగ్రహం మీద వెండి రేకు తొడిగి, మేకులు కొట్టి బిగిస్తరు. అప్పుడు కంసాలి సుత్తెతోని కొడితే ఎవ్వరు ఏమనరు, పైనుంచి శాలువా కప్పుతరు.

అత్తమ్మ కాడికి పోయి కాళ్ళకాడ కూసున్న. "అత్తమ్మా, మన ఆంజనేయుడు ఇంత మంది కోరికలు తీరుస్తుండు. బురదల, దుమ్ముల ఉత్త ఒంటితోని ఉన్నడు. తొడుగు చేపిద్దామా?"

అత్తమ్మ కండ్లు పెద్దయినయి. "వెండి యాడికెళ్ళి వస్తదిరా?"

"వెండెందుకు? బలవంతుడు గద ఆయన. ఇనుప తొడుగు. ఎడ్లబండి పట్టా ఇనుము, మస్తు గట్టిది."

"సుత్తె దెబ్బ పడ్తదేమో."

"తొడుగు ఏసేటప్పుడు పడేది దెబ్బ గాదు, సేవ."

నా నోట్లకెళ్ళి అంత పెద్ద మాట వచ్చినందుకు నాకే సిగ్గైంది. అత్తమ్మ పూజారిని అడుగుతనన్నది. ఆయన చేగుంట దిక్కు పెండ్లికి పోయి వారం దాంక రాలేదు. వచ్చినంక ఇంకో వారం పంచాంగం తిరగేసిండు. పాత సిందూరం గీకనీకె మంగళారమే మంచిదన్నడు. లెక్క చూస్తే శివరాత్రికి ముందర ఒక్క మంగళారమే మిగిలింది.

"మరి తొడుగు ఎవరు ఏస్తరు?" అన్నది అత్తమ్మ.

"మా ఉస్తాద్."

"గుడి గేటు చేసింది ఆయనే గద, మంచి పనోడు" అన్నది. "గని స్నానం చేసి రావాలె."

ఆ మాట పోయి ఉస్తాద్‌కు చెప్పిన. ఆయన గడ్డం నిమురుకుంట అన్నడు: "నేను దినాం ఐదుసార్లు కాళ్ళు చేతులు కడుక్కుంట. ఆమె కొడుకు ఎన్నిసార్లు కడుక్కుంటడో అడిగి రా పో."

ఆ మంగళారం పొద్దుగాలనే కొలిమిని బండి మీద ఏసుకొని వచ్చినం. రెండు బండరాళ్ళు, నాలుగు కట్టె దిమ్మెలు పెట్టి కారును లేపినం. ఎనక సీటు, దాని కింద చెక్కలు తీసి బయట పెట్టినం. సిందూరం గీకుతుంటే ముద్దలు ముద్దలుగ రాలింది. అత్తమ్మ ఇత్తడి తాంబాళం పెట్టి అదంత పట్టుకున్నది, కిందపడొద్దని. సిందూరం కింద డాంబరు, డాంబరు కింద జంగు పొరలు, పరాఠా ఇడిసినట్టు ఒక్కొక్కటి ఊడుతున్నయి. పొరలన్నీ పోయినంక చూస్తే జానెడు పొడుగున దూలమే లేదు. అంచు మాత్రం నూలుపోగంత మిగిలి, కారు అంతా దాన్ని పట్టుకొని ఏలాడుతున్నది.

బండి పట్టా కాల్చి, దూలం వంపుకు తగ్గట్టు వంచి, లోపల ఒకటి బయట ఒకటి పెట్టి మధ్యల రివెట్లు కొట్టాలె. రివెట్ అంటే తల ఉన్న లావు మేకు. ఎర్రగ కాల్చి పొక్కల పెట్టి, తల దిక్కు ఒకరు బరువైన ఇనుప దిమ్మె అదిమిపట్టుకోవాలె, ఇటు దిక్కు ఇంకొకరు సుత్తెతోని కొడితే కొస సదునై తల లెక్క అయితది. చల్లారినంక గుంజుకొని రెండు ఇనుములను పట్టుకుంటది. నేను పట్టుకారుతోని అందియ్యాలె, ఉస్తాద్ కొట్టాలె. దిమ్మె పట్టుకోనీకె మూడో మనిషి కావాలె.

బావ తెల్ల లాల్చీ పైజామా ఏసుకొని కుర్చీల కూసొని పేపరు చదువుతుండె.

"జర రాండ్రి సాబ్" అన్నడు ఉస్తాద్. "మీ కారే."

"నేనా?"

"ఇంగ్లీషు మిషిన్‌కు రెండు వేళ్ళు సరిపోతయి బావా. దీనికి రెండు చేతులు కావాలె" అన్న నేను.

సంచి పరిసి, దాని మీద బావను పండుకోబెట్టినం. తన కారు కిందికి ఆయన దూరుడు గదే మొదటిసారి. మొదటి రివెట్‌కు నిప్పురవ్వ ఎగిరి లాల్చీ మీద పడ్డది, బావ దిమ్మె ఇడిసిపెట్టి "అమ్మా" అన్నడు. "దేవుని సేవ బిడ్డా, ఓర్సుకో" అన్నది అత్తమ్మ పైనుంచి. రెండో రివెట్‌కు దిమ్మె జారి తన వేలి మీదనే పడ్డది. మూడోది పెట్టకముందు ఆయన చూపు ఆ పొక్క మీద పడ్డది. సీటు తీసేసినం గద, అండ్లకెళ్ళి చూస్తే కారు లోపలి కప్పు గుడ్డ కనవడుతున్నది.

బావ ఆ పొక్కల చెయ్యి పెట్టిండు. మణికట్టు దాంక పోయింది.

"మీ అక్క కూసునేది ఈడనే కదరా?" అన్నడు.

"ఈడనే. పిలగాడు గూడ."

బావ దిమ్మెను మల్ల చేతులల్లకు తీసుకున్నడు. పన్నెండు రివెట్లకు దిమ్మె అదిమి పట్టుకున్నడు. మొకం నల్లగ, లాల్చీకి నాలుగు కాడ్ల పొక్కలు. ఆ గంటన్నర నాకు మా బావ మీద కోపం పోయింది, ఆ ముచ్చట చెప్పకపోతే తప్పయితది.

గంటన్నరనే. మొకం కడుక్కున్నంక మల్ల పాత మనిషే వచ్చిండు.

పొద్దుగూకుతుండె. ఉస్తాద్ కుడి దూలాన్ని వేలితోని కొట్టి చూసిండు. "ఇది గూడ గంతే. రేపు వస్త, ఇది గూడ ఏసేద్దాం."

"రేపు బుధారం" అన్నది అత్తమ్మ. "బుధారం దేవుని ఒంటి మీద చెయ్యి పెట్టొద్దు."

"అయితే బేస్తారం."

"మంగళారమే అని పూజారి చెప్పిండు. వచ్చే మంగళారం చేద్దాం."

"శివరాత్రి అంతకన్న ముందే ఉన్నది గద అమ్మా!"

బావ మధ్యల దూరిండు. "మీ అక్క కూసునేది ఎడమ దిక్కు. అది అయిపోయింది. కుడి దిక్కు నేను తోలుత, నా కింద ఉన్నది నాకు తెల్వదా?"

తన కింద ఉన్నది తనకు తెలిసినోడైతే ఇంత కథ ఎందుకు నడుస్తది?

ఉస్తాద్ సామాను సదురుకున్నడు. పోయేటప్పుడు మా అక్కకు సలాం పెట్టి, "బేటీ, సగం పని చేసిన. సగం పనికి జిమ్మేదారి ఇయ్యలేను" అన్నడు. అత్తమ్మ ఎడమ దూలానికి కొత్త తొడుగు మీద సిందూరం పెట్టి హారతి ఇచ్చింది. ఈసారి నేను అవిశె నూనె కలిపిచ్చిన.

శివరాత్రి నాడు పొద్దున బావ కారును కడిగి, ముందట పూలదండ కట్టి, కోటు ఏసుకొని నిలబడ్డడు. అత్తమ్మ ఎనక సీట్ల కుడి దిక్కు కూసున్నది. అక్క గడప కాడ పిలగాన్ని ఎత్తుకొని నిలబడ్డది, ఎక్కలేదు.

"ఎక్కు, ఎండ అయితది" అన్నడు బావ.

"నేను పక్కింటోళ్ళ బండ్ల పోత. తమ్ముడు గూడ వస్తుండు."

బావ మొకం మాడింది. "కచేరి అందరికి చెప్పిన. నా పెండ్లాం ఎడ్లబండ్ల పోతే నా ఇజ్జత్ ఏమైతది?"

"మీ దేవుడు ఒక్క దిక్కే తొడుక్కున్నడు" అన్నది అక్క నెమ్మదిగ. "వీడు నాకు ఒక్కడే ఉన్నడు."

పెండ్లయిన ఎనిమిదేండ్లల్ల ఆమె మొగని మాటకు ఎదురు చెప్పుడు నేను చూసింది గదే మొదటిసారి. గొంతు గూడ పెంచలేదు. బండెక్కి కూసున్నది, పిలగానికి ఎండ తగలకుండ కొంగు కప్పింది.

మేము ఊరు దాటి రెండు కోసులు పోయినంక ఎనకకెళ్ళి హారన్ మోత వినవడ్డది. బావ. మమ్మల్ని దాటిపోతూ చెయ్యి బయట పెట్టి ఊపిండు. అత్తమ్మ మా దిక్కు చూడలేదు. మా నోట్ల, ఎడ్ల నోట్ల దుమ్ము. "చూసినవా, ఏం కాలేదు గద" అన్నట్టు హారన్ ఇంకో రెండుసార్లు మోగింది. అక్క పిలగాని కండ్లు తుడిసింది.

మంజీర కాడికి దిగే కాడ జనం గుంపు కనవడ్డది. ఎవరన్న పడ్డరేమో అని నేను దిగి ఉరికిన. ఇసుకల కారు, కుడి ఎనక చక్రం గుంతల. ఎడమ దిక్కు నిటారుగ ఉన్నది, కుడి దిక్కు నడుము ఇరిగి కూలబడ్డది. దూలం వంగితే పైన డబ్బా అంత మెలి తిరుగుతది, అప్పుడు తలుపులు చట్రంల బిగుసుకపోతయి. నాలుగు తలుపుల్ల ఒక్కటి రాలేదు. లోపల కోటు ఏసుకున్న మా బావ, ఎనక అత్తమ్మ. ఇద్దరికి దెబ్బలు లేవు. కిటికీలకెళ్ళి మొకాలు మాత్రం బయటికున్నయి. జాతర జనం నిలబడి చూస్తున్నరు, కొందరు అలవాటు కొద్ది దండం పెడుతున్నరు.

"ముందుగాల నన్ను తియ్యుండ్రిరా!" అని అత్తమ్మ మొత్తుకుంటున్నది. "తల్లీ దుర్గమ్మా, నన్ను బయట ఎయ్యి, నా కొడుకు ఎంట్రుకలు నీకిస్త!"

"నీవి ఇయ్యరాదే!" అన్నడు బావ లోపలికెళ్ళి.

"నావి నాలుగే ఉన్నయి. ఆమెకు యాడ ఆనుతయి?"

కచేరి జవాన్లు ముగ్గురు జాతరకు వచ్చిండ్రు. ఒకడు చేతులు పట్టి, ఇద్దరు నడుము పట్టి అత్తమ్మను కిటికీలకెళ్ళి గుంజిండ్రు. మా బావ కోటు గుండీలు కిటికీ అంచుకు తట్టుకొని ఊడిపోయినయి. ఆయన ఇసుకల బోర్ల పడ్డడు. లేచి దుమ్ము దులుపుకుంట ముందుగాల అక్క దిక్కు చూసిండు. ఆమె బండి మీదనే ఉన్నది, పిలగాడు ఒళ్ళె నిద్రపోతున్నడు. బావ ఎడమ దిక్కు ఖాళీ సీటు దిక్కు చూసిండు. ఆ దిక్కు సీటు మెత్త ఊడి ముందుకు ఎగిరి ముందటి సీటు ఎనక భాగానికి గుద్దుకొని ఉన్నది.

ఇసుకల పడ్డ కోటు గుండీలు ఒక్కటొక్కటి ఏరి జేబుల ఏసుకున్నడు.

మంగలి ముందుగాల పిలగాని ఎంట్రుకలు తీసిండు. వాడు ఏడ్చిండు. తరువాత మా బావవి తీసిండు. ఆయన ఏడవలేదు గని అదే మొకం పెట్టిండు. తండ్రి కొడుకులు నున్నటి గుండ్లతోని పక్కపక్కన కూసుంటే పిలగాడు చెయ్యి చాపి తండ్రి తలను తడిమి నవ్విండు. అక్క గూడ నవ్వింది.

మొక్కు అయిపోయింది. కారుకు జవాన్లను కాపలా పెట్టినం.

"ఇంటికి ఎట్ల పోదం?" అన్నడు బావ.

"బండ్ల జాగ ఉన్నది" అన్నది అక్క. "ఎనక కాళ్ళు ఏలాడేసుకొని కూసో."

బావ కోటు మడత పెట్టి ఒళ్ళె పెట్టుకొని బండి ఎనక కూసున్నడు. పక్కన నేను. నా నోట్ల నూరు మాటలు తిరుగుతున్నయి, ఒక్కటి గూడ బయటికి రానియ్యలేదు. కోసు దూరం పోయినంక ఆయన నా దిక్కు తిరగకుండనే అడిగిండు.

"కుడి దిక్కుకు ఎన్ని దినాలు పడ్తది?"

"దిమ్మె పట్టుకునేటోడు ఉంటే ఒక్క దినం."

"పట్టుకుంట" అన్నడు.

బండ్ల ముందట కూసున్న అత్తమ్మ విన్నది. ఏ దినమని గాని, మంగళారమేనా అని గాని అడగలేదు. కొంగు నెత్తి మీదికి గుంజుకొని చేన్ల దిక్కు చూస్తూ కూసున్నది.